ఆ రెండు రోజులు మా ఊళ్లో ఉప్పు దొరకలేదు

వాతావరణ మార్పుల వల్ల పంట దిగుబడి, వ్యవసాయం మీద ఆధారపడిన వ్యాపారాలు ఎలా దెబ్బతింటున్నాయని అడిగారు. చాలామంది ఎండ ఇంత పెరిగితే గింజ ఇంత తగ్గుతుందని లెక్కలు రాస్తారు. ఆ లెక్కలను నేను కాదనను. మా ఇంటిని ముంచింది మాత్రం తేదీలు.

మాది రేపల్లె వైపు, కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి ఊరు. సొంతం ఎకరం, కౌలుకు నాలుగెకరాలు. 2023 ఆగస్టులో వానే లేదు. 1901 నుంచి దేశం అంత పొడి ఆగస్టును చూడలేదు. కాలువ చివరి పొలాలకు వంతు నీళ్లు కూడా సరిగా అందలేదు. నాన్న రాత్రుళ్లు మురుగు కాలువలో ఇంజను పెట్టి నీళ్లు తోడారు. నాట్లు మూడు వారాలు వెనకబడ్డాయి. సాంబమసూరి ఐదు నెలల పంట. నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. అలా మా కోత డిసెంబరు మొదటి వారంలోకి వెళ్లింది.

ఆ వారంలోనే, 5వ తేదీన, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

అప్పటికి రెండెకరాలు కోసి పనలు చేలోనే ఆరబెట్టాం. మా వైపు కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలోనే మినుములు చల్లుతారు. వరి తీసేసరికి మొలక పైకి వస్తుంది. కాబట్టి ఆ నీళ్ల కింద ఉన్నది ఒక పంట కాదు, రెండు. వాన తెరిపిచ్చాక వెళ్లి చూస్తే పనలు నీళ్ల మీద తేలుతున్నాయి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే గింజ మొలకెత్తదని చెబుతారు. ఊరంతా ఒకేసారి కొట్టుకు పరుగెత్తింది. రెండు రోజులు ఉప్పు దొరకలేదు. అమ్మ పచ్చళ్లకని దాచిన కళ్లుప్పు జాడీ తెచ్చి గట్టు మీద పెట్టింది. రెండెకరాలకు ఆ జాడీ ఏ మూలకు? నాన్న గట్టు పక్కన వేసిన పనల మీద చల్లి, అంతటితో ఆపేశారు. నాలుగో రోజు పన పైకెత్తితే అడుగున గింజకు గింజ అతుక్కుని తెల్లగా మొలకలు. నాన్న ఆ గుప్పెడు చేతిలో పట్టుకుని చాలాసేపు గట్టు మీదే కూర్చున్నారు. మినుములు కుళ్లిన వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఇక వ్యాపారం సంగతి. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,637. తేమ 17 శాతం మించకూడదంటారు. కోయకముందే తుపానుకు పడిపోయిన మిగతా చేను కోసి తెచ్చిన ధాన్యంలో తేమ 24. రంగు మారింది, మరపడితే నూక అవుతుందని కొనేవాళ్లు బస్తాకు 1,150 ఇస్తామన్నారు. ఇచ్చేశాం. టైర్ల కోత మిషను బురదలో దిగబడుతుంది కాబట్టి చైను మిషను పిలవాలి, గంటకు దాదాపు రెట్టింపు అడిగారు. వాళ్లను తప్పు పట్టను. మా బాబాయి అప్పు చేసి మిషను కొన్నాడు. నెల రోజులు తిరగాల్సిన బండి ఆ ఏడాది పది రోజులే తిరిగింది, వాయిదాలు మాత్రం ఆగలేదు. ఎరువుల కొట్టు ఆయన మాకిచ్చిన అరువు మరుసటి ఏడాదికి గానీ వసూలు కాలేదు. చేలో నిలిచిన నీళ్లు వీళ్లందరి ఇళ్లలోకీ వచ్చాయి.

నష్టపరిహారం గురించి చెప్పకుండా ఉండలేను. పంటలో 33 శాతం, అంతకు మించి పోతేనే నష్టమట. గింజ ఉంది, రంగు మారింది, తక్కువ ధరకు పోయింది, అది నష్టం కాదట! పైగా అప్పుడు కౌలు రైతుకు సాగుదారుగా గుర్తింపు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం చేయాల్సి ఉండేది. మా యజమాని చేయలేదు. డబ్బు పడింది ఆయన ఖాతాలో, ఎకరాకు పదిహేను బస్తాల కౌలు కొలిచింది మేము. వాతావరణం మారిందని ఒప్పుకుంటున్న వాళ్లు, చేను దున్నేది ఎవరో ఎందుకు ఒప్పుకోరు?

నా మాట ఒక్కటే. డెల్టాలో వరిని నవంబరు పదిహేనుకల్లా ఇంటికి చేర్చాలి. 2022లో కృష్ణా డెల్టాకు జూన్ 10నే నీళ్లు వదిలారు. ప్రతి ఏడాదీ అలాగే, ముఖ్యంగా చివరి ఊళ్ల దాకా ఇస్తే సగం నష్టం తప్పుతుంది. నాకు దీని మీద అనుమానం లేదు, ఎందుకంటే 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు మా చేను నాలుగు రోజులు మునిగి కూడా తేరుకుంది. పచ్చి పైరు తట్టుకుంది. పండిన పంట తట్టుకోలేదు.

మిగ్‌జాం తర్వాతి ఏడాది నుంచి నాన్న కాలువ నీళ్ల కోసం ఎదురుచూడడం మానేశారు. నారు పోయకుండా తొలి వానకే పొడి దుక్కిలో విత్తనం వెదజల్లుతున్నారు. కలుపు ఎక్కువ, ఖర్చూ పెరిగింది. అయినా కిందటిసారి నవంబరులోనే కోశాం. అమ్మ మాత్రం ప్రతి అక్టోబరులో ఒక ఉప్పు బస్తా కొని అటక మీద పెట్టిస్తోంది.