మూడు నెలలు కట్టేసి ఉంచిన గుర్రానికి మళ్ళీ పని

మూడు నెలలు కట్టేసి ఉంచిన గుర్రాన్ని వారంలో క్యాంటర్‌కి, అంటే మధ్యస్థ వేగపు దౌడుకి, తేవచ్చా అన్నారు. వద్దండి. దమ్ము త్వరగానే తిరిగొస్తుంది, కానీ టెండన్లు (కండను ఎముకకు కలిపే పట్టీలు), ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. గుర్రం హుషారుగా ఉందని తొందరపడితేనే కాళ్ళు దెబ్బతింటాయి.

ముందు లాడాలు, జీను చూడండి. వీపు కండ తగ్గి ఉంటుంది కాబట్టి పాత జీను వెన్నెముకను ఒత్తవచ్చు. మొదటి రెండు వారాలు చదును నేల మీద నడకే, 20 నిమిషాలతో మొదలుపెట్టి 45 దాకా. మూడో వారం నుంచి రెండేసి నిమిషాల ట్రాట్ (నడకకీ క్యాంటర్‌కీ మధ్య వేగం), మధ్యలో నడక. క్యాంటర్ ఆరో వారం తర్వాతే. లంజింగ్ (పొడవాటి తాడు పట్టి చుట్టూ తిప్పడం) ఇప్పుడే వద్దు, చిన్న వలయం కీళ్ళకు భారం.

దాణా పని పెరిగాకే పెంచండి, సెలవు రోజు సగం చాలు. లేకపోతే కండరాలు బిగుసుకుపోయి మూత్రం కాఫీ రంగులో రావచ్చు. అలా అయితే అడుగు కూడా నడిపించకుండా పశువైద్యుణ్ణి పిలవండి. రోజూ పనికి ముందు నాలుగు కాళ్ళూ తడిమి వేడి, వాపు చూడండి. కాలి గాయం వల్ల విశ్రాంతి ఇచ్చుంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు, స్కాన్ చూసి డాక్టరు చెప్పినట్టే.