సందేహాలు – సమాధానాలు: తటస్థమా, నిష్పక్షపాతమా?

సందేహం: మా కావలిలో కొంతమందిమి ఆదివారాలు ఒకచోట చేరి ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. మొన్న బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీలో ముస్లిం వ్యతిరేకత ఉందన్న ఆరోపణలను అక్కడి పత్రికలు న్యాయంగా రాశాయా లేదా అన్నది తీసుకున్నాం. బోర్డు మీద నేను ‘సంప్రదాయ పక్షంలో ముస్లిం విద్వేషం – పత్రికల తటస్థత’ అని రాశాను. ‘తటస్థత కాదమ్మా, నిష్పాక్షికత’ అని ఒకాయన లేచారు. ‘అదీ తప్పే, నిష్పక్షపాతం’ అని ఇంకొకాయన పట్టుబట్టారు. రెండు గంటలూ బోర్డు దగ్గరే అయిపోయాయి. ఏది ఒప్పో చెప్పగలరు. – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, రెండు గంటలు వృథా అయ్యాయని మీరు నొచ్చుకున్నట్టుంది. నాకు మాత్రం ఆ రెండు గంటలూ అక్కడ లేకపోయానే అనిపించింది.

ముందు తీర్పు చెప్పేస్తాను. నిష్పక్షపాతం ఒప్పు. నిష్పాక్షికం చెల్లుతుంది, నాకు అంతగా ఇష్టం లేకపోయినా. తటస్థత మాత్రం మీరు అడగదలచుకున్న ప్రశ్నను తారుమారు చేస్తుంది.

పక్షమంటే రెక్క, వైపు, పదిహేను రోజులు, వాదం, రాజకీయ పార్టీ. ఇవన్నీ మీకు తెలిసినవే. పక్షపాతమంటే ఒక వైపుకు ఒరిగిపడటం. సంస్కృత కవులు దీన్ని ప్రతిచోటా తిట్టుగా వాడలేదన్నది గమనించాలి. భారవి కిరాతార్జునీయంలో వ్యాసుడు ధర్మరాజుతో ‘వీతస్పృహాణామపి ముక్తిభాజాం భవంతి భవ్యేషు హి పక్షపాతాః’ అంటాడు. ఏ కోరికా లేని ముక్తులకు కూడా మంచివాళ్ళంటే పక్షపాతం ఉంటుందట! తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట బాగా దిగజారింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు అన్నప్పుడు ఉండే ఒరుగుడే ఇప్పుడు మనకు పక్షపాతం. అది లేకపోవడం నిష్పక్షపాతం. ‘నిష్పక్షపాతత్వం’, ‘నిష్పక్షపాతతనం’ అని తోకలు తగిలించేవాళ్ళున్నారు. ఆ తోకలు అక్కర్లేదు.

నిష్పాక్షికం సంగతి కాస్త చిక్కు. తెలుగులో పాక్షికమంటే కొంత భాగమే అయినది. పాక్షిక సూర్యగ్రహణం అంటాం కదా. ఒక పక్షానికి చెందినదన్న అర్థం సంస్కృతంలో ఉంది కాబట్టి నిష్పాక్షికాన్ని తప్పని కొట్టేయలేను. కానీ పదిహేను రోజులకు ఒకసారి వచ్చేదన్న అర్థమూ అదే మాటకు ఉంది. ఆ లెక్కన నిష్పాక్షిక పత్రిక అంటే పక్షపత్రిక కానిదని కూడా చెప్పుకోవచ్చు! పెద్ద పత్రికలన్నీ వాడుతున్నాయి, వాడుకలో స్థిరపడింది. మీ మిత్రుడిని మందలించకండి.

ఇక తటస్థత. తటమంటే ఒడ్డు, గట్టు. తటస్థుడంటే గట్టు మీద నిలబడినవాడు. ఏట్లో ఏం జరుగుతున్నా వాడి పాదాలు తడవవు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్న రోజులు మన జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడేవాడూ ఉంటాడు, తాడు పట్టుకుని నిలబడేవాడూ ఉంటాడు. నిఘంటువు ప్రకారం ఇద్దరూ తటస్థులే. ఆ మాటలో ఉన్న లోపం ఇదే. నిలబడిన చోటు చెబుతుంది, చేసిన పని చెప్పదు.

పెన్న ఒడ్డున పుట్టిన నెల్లూరు భాషలో గట్టు గురించి మాట్లాడుతూ తిక్కన దగ్గరికి వెళ్ళకపోతే నాకు నిద్రపట్టదు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి వచ్చి కౌరవ సభలో చెప్పే పద్యం మీరు బళ్ళో కంఠస్థం చేసే ఉంటారు:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవముండెడున్

వ్యాసుడి శ్లోకం ఇంత విశాలమైంది కాదు. ‘యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’ అని రెండు పంక్తుల్లో తేల్చేశాడు. చూస్తూ ఉండగానే అధర్మం ధర్మాన్ని, అసత్యం సత్యాన్ని చంపితే అక్కడి సభ్యులు చచ్చినట్టే. మనుస్మృతిలోనూ ఇదే శ్లోకం ఉంది.

ఇప్పుడు తిక్కన ఏం చేశాడో చూడండి. సంస్కృతంలో ‘హన్యతే’, అంటే చంపబడుతోంది. తిక్కన చంపలేదు. ‘పారముఁ బొందలేక’ అన్నాడు. పారమంటే అవతలి ఒడ్డు. ధర్మమూ సత్యమూ ఏటి మధ్య కొట్టుకుపోతున్నాయి, ఇంకా ప్రాణం ఉంది, గట్టెక్కలేకపోతున్నాయి. పరీక్ష గట్టెక్కాడు, అప్పు గట్టెక్కింది అని మనం రోజూ అంటామే, అదే గట్టు. కిందికి వస్తే ‘నిస్తారకము’ అంటాడు. దాటించేది, ఒడ్డు చేర్చేది. పద్యమంతా ఒకే నది.

రెండో మార్పు ఇంకా సూక్ష్మం. వ్యాసుడు ‘ప్రేక్షమాణానాం’ అన్నచోట తిక్కన ‘ఉపేక్ష’ అన్నాడు. రెండింటిలోనూ ఉన్నది ఈక్ష ధాతువే, చూడటమే. ఉపసర్గ మారగానే చూస్తూ ఉండటం కాస్తా చూసీచూడనట్టు ఉండటమైంది. మూడోది, సభాసదులను తీసేసి దక్షులను పెట్టాడు. సభలో కూర్చున్న ప్రతివాడినీ నిలదీయలేదు. చేతనైనవాడిని మాత్రమే నిలదీశాడు. తన రాజు మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి దగ్గర తానే రాయబారం నడిపినవాడని చెబుతారు. కొలువుల్లో ఎవరి చేతిలో ఏముంటుందో తెలిసిన మంత్రి రాసిన పద్యం ఇది.

అలాగని తిక్కన ఏదో ఒక పక్షంలో పడి కొట్టుకునే మనిషి కాడు. శైవులూ వైష్ణవులూ తగవులాడుకునే కాలంలో హరిహరనాథుడికి భారతాన్ని అంకితమిచ్చినవాడు. మత పక్షాల మధ్య ఒరగలేదు, ధర్మం మునుగుతుంటే గట్టు మీదా నిలబడలేదు. నిష్పక్షపాతానికి ఇంతకన్నా నిదర్శనం నాకు దొరకదు.

శంకరులు గీత ఆరో అధ్యాయంలో ఉదాసీనుడికీ మధ్యస్థుడికీ ఇలాంటి తేడానే చెప్పారు. ఎవరి పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు, తగవులాడే ఇద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడు. మన పల్లెల్లో మధ్యస్తం చేసే పెద్దమనిషి రెండో రకం. మొదటి రకం ఎన్నికల రోజు ఇంట్లో టీవీ చూస్తుంటాడు.

మీ చర్చలోని అసలు విషయానికి వస్తాను. లండన్ పత్రికలకు తీర్పరిని కాను, కానీ ఏ మాట ఎక్కడ నప్పుతుందో చెప్పడానికి వాళ్ళ కథ బాగా పనికొస్తుంది. 2018 ఆగస్టులో కన్జర్వేటివ్ నాయకుడు బోరిస్ జాన్సన్ డైలీ టెలిగ్రాఫ్‌లో ఒక వ్యాసం రాశాడు. డెన్మార్క్ నిషేధించినట్టు మనం బురఖాను నిషేధించకూడదన్నది ఆ వ్యాసం వాదం. అందులోనే బురఖా వేసుకున్న ఆడవాళ్ళు తపాలా పెట్టెల్లా ఉంటారని ఎగతాళి కూడా చేశాడు. నిషేధం వద్దన్న ముక్క మాత్రమే రాస్తే వార్త పాక్షికం. తపాలా పెట్టె మాత్రమే రాసినా పాక్షికమే. రెండూ రాసి, ఆ ఎగతాళికి నొచ్చుకున్నవాళ్ళ మాటా రాయాలి. ఇక్కడ చూస్తే నిష్పాక్షికం అన్న మీ మిత్రుడి మాటకూ ఒక పని దొరికింది. సగం చెప్పకపోవడం అన్న అర్థంలో దాన్ని నేను ఒప్పుకుంటాను.

తర్వాత ఆ పార్టీ ప్రొఫెసర్ స్వరణ్ సింగ్ ఆధ్వర్యంలో విచారణ వేయించింది. 2021 మేలో నివేదిక వచ్చింది. 727 ఘటనల మీద 1,418 ఫిర్యాదులు, ఆ ఘటనల్లో మూడింట రెండు వంతులు ముస్లిం వ్యతిరేకతకు సంబంధించినవే. ముస్లిం వ్యతిరేక ధోరణి పార్టీలో సమస్యగానే ఉందని ఆ నివేదిక అంది. ఫిర్యాదులను పార్టీ పరిశీలించిన తీరు చూస్తే సంస్థాగతమైన జాతి వివక్ష ఉందన్న ఆరోపణ రుజువు కాలేదని కూడా అదే నివేదిక అంది. ఇక శీర్షిక పెట్టేవాడి చేతిలో ఉంది చూడండి! ‘పార్టీకి ఊరట’ అని పెట్టొచ్చు, ‘పార్టీకి మొట్టికాయ’ అనీ పెట్టొచ్చు. రెండూ అబద్ధం కావు. పక్షపాతం అబద్ధమాడి తీరాలన్న రూలేమీ లేదు, ఎటు ఒరగాలో అటు ఒరిగితే చాలు.

ప్రత్యర్థి లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకత మీద అంత రాసినవాళ్ళు దీని మీద ఇంతే రాశారేమిటని మీలో ఎవరో అడిగే ఉంటారు. అడగదగ్గ ప్రశ్నే. లేబర్ మీద అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ స్వయంగా విచారణ జరిపి, చట్టాన్ని ఉల్లంఘించారని 2020 అక్టోబరులో తేల్చింది. కన్జర్వేటివ్ పార్టీ విషయంలో, పార్టీ తనంతట తానే విచారణ వేసుకుంది కదా అని 2020 మేలో కమిషన్ ఆగిపోయింది. అధికారిక విచారణ ఉన్నచోట పత్రికకు రోజుకో వార్త దానంతట అదే వస్తుంది, లేనిచోట వెతుక్కుని రావాలి. వెతకడానికి బద్ధకించి ‘మేం తటస్థులం’ అంటే మాత్రం తిక్కన చెప్పిన ఉపేక్ష అవుతుంది. అలాగని కొలబద్ద పట్టుకుని ఇద్దరికీ చెరి రెండు కాలమ్‌లు ఇస్తే న్యాయం జరిగినట్టూ కాదు. మనవాళ్ళు దీన్ని ‘బ్యాలెన్స్ చేశాం’ అంటారు. ఒరిగిపోతామేమో అన్న టెన్షన్‌తో ఎటూ కదలకుండా కూర్చుంటే దాన్ని నిష్పక్షపాతం అనరు, పక్షవాతం అంటారు.

లండన్ దాకా ఎందుకు? ఒరుగుడు చూడాలంటే మన తెలుగు పత్రికల్లో క్రియాపదాలు చూడండి. చెప్పాడు అన్న మంచి క్రియ ఒకటి మనకుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. మనకు నచ్చిన నాయకుడు ‘స్పష్టం చేస్తాడు’, ‘ఉద్ఘాటిస్తాడు’, ఆవేశం వస్తే ‘ధ్వజమెత్తుతాడు’. నచ్చనివాడు అదే మాట అంటే ‘బుకాయించాడు’, ‘అక్కసు వెళ్ళగక్కాడు’, ‘నోరు పారేసుకున్నాడు’. ఫిర్యాదు చేసిన ముస్లిం మహిళ ‘వాపోయింది’ అవుతుంది. ఆమె వాపోలేదు, చెప్పింది. సంపాదకీయంలో మీ ఇష్టం, వార్తలో ఈ క్రియల సంబరం ఎందుకు? రేపు ఒక రోజు పేపర్ తీసుకుని ప్రతి క్రియ కిందా గీత గీసి చూడండి. యజమాని ఏ పార్టీయో తెలిసిపోతుంది, సర్క్యులేషన్ లెక్కలు అక్కర్లేదు.

మీ బోర్డు మీద ఎవరూ పట్టించుకోని అసలు తప్పు ఒకటుంది. అది ‘ముస్లిం విద్వేషం’. షష్ఠీ సమాసమే కానీ, ఆ షష్ఠి కర్తకా కర్మకా? ముస్లింలు చూపే విద్వేషమా, ముస్లింలపై చూపే విద్వేషమా? ‘పార్టీలో ముస్లిం విద్వేషం’ అని చదివిన తొందరపాటు మనిషి, ద్వేషిస్తున్నది ముస్లింలేనని అనుకుంటే వాడిని తప్పుపట్టలేం. నింద ఎవరి మీద పడాలో తిరగబడి పడింది! ‘ముస్లిం వ్యతిరేకత’ అనండి, లేదా ‘ముస్లింలపై ద్వేషం’ అని విడదీసి రాయండి. ద్వేషం దాకా వెళ్ళనిదాన్ని, ముందే మనసులో కట్టుకున్న చెడు అభిప్రాయాన్ని, దురభిప్రాయం అంటే చాలు. మన ఊళ్ళలో ‘వాళ్ళంటే కిట్టదు’ అంటాం, అదీ మంచి మాటే. వివక్ష అంటే నిజానికి చెప్పాలన్న కోరిక, వక్త ఉద్దేశం. ఇప్పుడు వేరే అర్థంలో పాతుకుపోయింది, పెరికేయలేం. ఇస్లామోఫోబియాకు తెలుగు వెతికే పని పెట్టుకోకండి. బ్రిటన్‌లో అఖిలపక్ష పార్లమెంటరీ బృందం ఒకటి 2018లో దానికి నిర్వచనం ఇస్తే అప్పటి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అర్థం మీదే తగవు తీరని మాటకు మనం సమాసం కట్టడం ఎందుకు?

మీ కావలివాళ్ళకు ఈ విషయం దూరమనిపించదని నాకు తెలుసు. నెల్లూరు స్వర్ణాల చెరువులో బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి ఏ మతంవాళ్ళు ఎంతమంది దిగుతారో మీరు చూసే ఉంటారు. కసుమూరు దర్గా పుణ్యమా అని మస్తానయ్యలూ మస్తానమ్మలూ హిందువుల ఇళ్ళల్లో కూడా కావలసినంత మంది ఉన్నారు. పేరును బట్టి మతం, మతాన్ని బట్టి మనిషి అని లెక్కగట్టే విలేకరి మన జిల్లాలో బోల్తా పడతాడు.

మీరు అడగని రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. ‘కవరేజి’ అన్న ఇంగ్లీషు మాటను అలాగే వాడుకోండి. వార్తా సేకరణ అంటే సగమే వస్తుంది, వార్తా ప్రచురణ అంటే మిగతా సగం. ‘సంప్రదాయ పక్షం’ మాత్రం వచ్చే ఆదివారం లోపల తుడిపేయించండి. పార్టీ పేరు పేరే, దాన్ని అనువదిస్తే రేపు లేబర్ పార్టీని కూలి పక్షం అనాల్సి వస్తుంది.