కిచెన్ కబోర్డుల రంగు ఊడిపోతోంది... కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. 15 నెలల క్రితం ఒక ఇంటీరియర్ సంస్థతో రూ.3.60 లక్షలకు మాడ్యులర్ కిచెన్ చేయించుకున్నాం. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు) షట్టర్లకు, అంటే కబోర్డు తలుపులకు పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేశారు. 8 నెలలకే రంగు ఉబ్బి, పొరలు లేవడం మొదలైంది. అప్పుడు ఐదేళ్ల వారంటీ అన్నవాళ్లు ఇప్పుడు ‘మీ వంట ఆవిరి వల్లే ఇలా అయింది. రంగుకు వారంటీ లేదు. మళ్లీ వేయాలంటే రూ.70 వేలు’ అంటున్నారు. మేం ఇంకా రూ.25 వేలు ఇవ్వాలి. చూడలేక మాకు తెలిసిన వడ్రంగితో గీకించి రంగు వేయిద్దామనుకుంటున్నాం. తర్వాత కేసు వేస్తే నిలబడుతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ వడ్రంగిని ఆపండి. మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ షట్టర్లే. రంగు ఏ పొర దగ్గర విడిపోయిందన్నదాన్ని బట్టే తప్పు ఎవరిదో తేలుతుంది. ప్రైమర్ (అడుగు పూత) అలాగే ఉండి పైపూత మాత్రమే రేకుల్లా లేస్తుంటే సరిగ్గా శాండింగ్ (ఉప్పుకాగితంతో రుద్దడం) చేయలేదనో, ఒక పూత ఆరకముందే ఇంకోటి వేశారనో అనుమానించాలి. ప్రైమర్‌తో సహా లేచి, కింద బోర్డు అంచు ఉబ్బి ఉంటే తేమ లోపలికి దిగినట్టు. ఎండీఎఫ్ అంచులు తేమను బాగా పీల్చుకుంటాయి, వాటిని సీల్ చేయాల్సింది పని చేసినవాళ్లే. ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దేశాక ఇవేవీ మిగలవు.

ఎక్కడెక్కడ ఊడిందో కూడా గమనించండి. సింకు కింది షట్టర్లకే పరిమితమైతే పైపు లీకేజీ అని అవతలివాళ్లు వాదిస్తారు, ఆ వాదనకు కొంత బలం కూడా ఉంటుంది. స్టవ్‌కు, సింకుకు దూరంగా ఉన్న పై కబోర్డులకూ ఊడుతుంటే మాత్రం ఆవిరి మీదకు నెట్టడం కష్టం. అయినా వంటగదికని చెప్పి అమ్మిన కబోర్డు మామూలు వంట ఆవిరికి తట్టుకోవాలి కదా! ఏ అవసరానికో తెలిసి, తన నైపుణ్యాన్ని నమ్మించి అమ్మిన సరుకు ఆ అవసరానికి పనికిరావాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. వారంటీ కార్డులో రంగును మినహాయించారా, ఆ కార్డు మీకు డబ్బు కట్టక ముందు ఇచ్చారా, తర్వాతా అన్నది చూసుకోండి. కొటేషన్‌లోనో వాట్సాప్‌లోనో ‘ఐదేళ్ల వారంటీ’ అని రాసి ఉంటే అది మీకు పెద్ద బలం.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. సంస్థకు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపండి. లోపం ఏమిటో రాసి, 15 రోజుల్లో వచ్చి చూసి ఉచితంగా సరిచేయాలని, లేదంటే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు మీ నుంచే రాబడతామని స్పష్టంగా చెప్పండి. ఈలోగా ప్రతి షట్టర్‌నూ దగ్గర నుంచి ఫొటోలు, వీడియో తీయండి. సంస్థతో సంబంధం లేని అనుభవజ్ఞుడైన పెయింటర్‌కు గానీ ఇంజినీర్‌కు గానీ చూపించి, ఆయన అభిప్రాయాన్ని అఫిడవిట్‌గా తీసుకోండి. ఫొటోలకు, చాట్‌లకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత అభ్యంతరాలకు తావుండదు. గడువు దాటినా వాళ్లు రాకపోతే రిపేరు చేయించుకోండి, బిల్లు తప్పక తీసుకోండి. కానీ బాగా దెబ్బతిన్న షట్టర్లు ఒకటి రెండు విప్పి, గీకకుండా పక్కన పెట్టండి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద నమూనాను సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. పంపడానికి నమూనా అంటూ ఉండాలి.

కేసు మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. సంస్థ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే, 2019 చట్టం సెక్షన్ 34 ఆ వీలు కల్పించింది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫైల్ చేయవచ్చు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని సంస్థలు అక్కడే దిగివస్తాయి. ఫిర్యాదులో సరుకులో లోపం, సేవలో లోపం రెండూ రాయండి. ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (లోపమున్న వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో జరిగిన హానికి బాధ్యత) కింద మాత్రం అడగొద్దు. ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే వస్తువుకే జరిగిన నష్టం కాదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. రంగు ఊడటం మొదలైన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, క్షేమంగా ఉండాలంటే సంస్థ పని పూర్తిచేసి మీకు అప్పగించిన రోజు నుంచే లెక్కేసుకోండి. అలా చూస్తే మీకు ఇంకా 9 నెలలు ఉంది. ‘వచ్చే వారం మనిషిని పంపిస్తాం’ అన్న మాటలతో ఎన్ని నెలలు గడిచినా గడువు దానంతట అది పెరగదు. ఇలా మాటలు నమ్మి హక్కు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

రూ.3.60 లక్షలూ వాపసు వస్తాయని ఆశ పెట్టుకోకండి. కబోర్డుల పెట్టెలు బాగానే ఉండి రంగే పాడైతే, ఉచితంగా మళ్లీ వేయమనడమో, షట్టర్లు మార్చమనడమో, ఆ ఖర్చు ఇప్పించడమో జరగవచ్చు. కొంత పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగండి.

మిగిలిన రూ.25 వేలు ఊరికే ఎగ్గొట్టినట్టు కనిపించకూడదు. లోపం సరిచేసిన రోజే చెల్లిస్తామని అదే నోటీసులో రాయండి. సంస్థ మనుషులు వచ్చి రంగు వేసి వెళ్తూ ‘పూర్తి సంతృప్తితో స్వీకరించాం’ అనే కాగితం ముందు పెడితే వెంటనే సంతకం చేయకండి. ‘ఈ రోజుకు పని చూశాం, వారంటీ హక్కులు అలాగే ఉన్నాయి’ అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, దాని కిందే సంతకం పెట్టండి. ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఫొటో తీసుకోండి.