సన్‌రూఫ్ అద్దం గురించి రాస్తున్న అబ్బాయికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. తీరిగ్గా కూర్చుని చదివాను. సాలూరు ఘాట్ రోడ్డులో కంకర చిప్స్ లారీ మీంచి రాయి ఎగిరి ముందు కారు నెత్తిన పడటం, సన్‌రూఫ్ అద్దం ఒక్కసారిగా రాలిపోవడం, ఆ బండి జయపురంలో మీ మావయ్య షెడ్డుకు రావడం, పాత మోడల్ కాబట్టి అద్దం దొరక్క మీరు నానా తంటాలు పడటం, ఇదంతా రాయదగ్గ విషయమే. కథలూ కవితలూ రాయకుండా కార్ల గురించి రాస్తున్నానని ఉత్తరంలో ఎందుకంత మొహమాటపడ్డావు? తెలుగులో కవితలకు కరువు లేదు. పని తెలిసినవాడు తన పని గురించి రాసింది మాత్రం వెతుక్కోవాల్సి వస్తుంది. మన ఒడిశాలో, జయపురంలో, రాయగడలో, గుణుపురంలో తెలుగు చదివే డ్రైవర్లూ మెకానిక్కులూ సొంత కారున్న మేస్టార్లూ ఎంతమంది లేరు! వాళ్ల కోసం రాసేవాడు ఒకడు బయల్దేరాడని నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక వ్యాసం సంగతి. మొదటి రెండు పేజీలూ కారు అందానికీ, సన్‌రూఫ్‌లోంచి కనిపించే ఆకాశానికీ సరిపోయాయి. అసలు పని మూడో పేజీలో మొదలైంది. అక్కడ నువ్వు రాసింది ఇంతే: “పాత అద్దం తీసేసి కొత్తది జాగ్రత్తగా బిగించాలి.” అయిపోయింది! ఆ పని ఎలాగో తెలుసుకుందామనే కదయ్యా పాఠకుడు అంతదూరం చదివింది. ఆ జాగ్రత్త ఏమిటో నీ చేతికి తెలుసు, అతనికి తెలియదు. నేను ఈ ఉత్తరంలో చెప్పేదంతా దాని గురించే. పని చేస్తున్నప్పుడు నీ చెయ్యి ఎక్కడెక్కడ ఆగిందో, అక్కడల్లా నీ కలం కూడా ఆగాలి. చెయ్యి చకచకా సాగిన చోట నువ్వూ రెండు ముక్కల్లో దాటెయ్.

ముందుగా, నీ వ్యాసం ఎవరి చేతిలో ఉంటుందో ఊహించుకో. ఒకాయన ఘాట్ పక్కన బండి ఆపాడు. సీట్ల నిండా గాజు ముక్కలు, వెనక పిల్లలు, పైన మబ్బు పట్టి ఉంది. మనిషి టెన్షన్‌లో ఉన్నాడు. అతను వెంటనే చేయబోయే పొరపాటు నీకు తెలుసు: స్విచ్ నొక్కి సన్‌రూఫ్ మూసేద్దామని చూస్తాడు. అలా నొక్కితే పట్టాల్లో పడ్డ గాజు నలిగి, లాగే కేబుళ్లు ఇరుక్కుని, ఒక్క అద్దంతో పోయే ఖర్చు మొత్తం మెకానిజం మీదికి వస్తుంది. అందుకని నీ వ్యాసం “స్విచ్ ముట్టుకోకండి” అన్న మాటతో మొదలవ్వాలి. లోపలి తెర అప్పటికే మూసి ఉంటే దాన్ని అలాగే ఉంచమను, ముక్కలు చాలావరకు దాని మీదే ఆగుతాయి. పైన ప్లాస్టిక్ షీటు కప్పి, పెయింటు మీద పడే చోట మాస్కింగ్ టేపు వెయ్యమను. బ్రౌన్ టేపు వేస్తే ఎండకు దాని జిగురు పెయింటుకు పట్టుకుని వదలదు. ఆ తర్వాత బండి నెమ్మదిగా నడపమను. ఇంతవరకూ అరపేజీ చాలు. అతనికి అప్పుడు అంతకంటే చదివే ఓపిక ఉండదు.

షెడ్డుకు చేరాక మాత్రం ఓపిక ఉంటుంది. అక్కడ అతనికి కారణాలు చెప్పు. కారు ముందు వైపు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకని పగుళ్లు పాకినా అక్కడే నిలబడుతుంది. పాత కార్ల సన్‌రూఫ్‌కు ఎక్కువగా టెంపర్డ్ గాజు వేస్తారు. దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేదాకా కాచి, రెండు వైపులా గాలి కొట్టి గబుక్కున చల్లారుస్తారు. పైపొర ముందే గట్టిపడిపోతుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి పైపొరను బిగించి పట్టుకుంటుంది. ఆ బిగువు వల్లే మామూలు గాజు కంటే గట్టిగా ఉంటుంది. అంచు మీద దెబ్బ కాస్త లోతుగా దిగిందంటే మాత్రం ఆ బిగువంతా ఒకేసారి సడలి, పలక మొత్తం శనగ గింజలంత ముక్కలైపోతుంది.

ఇదంతా మెకానిక్‌కు ఎందుకు అనుకోకు. మన ఊళ్లలో సన్‌రూఫ్ అద్దం దొరక్కపోతే జనం ఏం చేస్తారో నీకూ తెలుసు. కిటికీ అద్దాలు కోసే షాపుకు వెళ్లి, కొలత ఇచ్చి, ఒక ముక్క కోయించుకొస్తారు. ఆ గాజు పగిలితే కత్తుల్లాంటి చీలికలు కూర్చున్నవాళ్ల తల మీద పడతాయి. పోనీ పెద్ద టెంపర్డ్ పలక తెచ్చి కోద్దామంటే అదీ కుదరదు, కొయ్యగానే ముక్కలైపోతుంది. కోతా, అంచు రుద్దడమూ, రూఫ్‌కు తగ్గ వంపూ అన్నీ కాచి చల్లార్చే పని ముగిసేలోపే అయిపోవాలి. కారణం తెలిసినవాడు కిటికీ అద్దాల షాపు మెట్లెక్కడు. ఊరికే “ఒరిజినల్ అద్దమే వాడండి” అని రాస్తే కంపెనీ వాళ్ల మాటలా వినిపిస్తుంది, ఎవరూ లెక్కచెయ్యరు.

పాత కారుకు అద్దం సంపాదించడం గురించి నువ్వు రాసిన భాగం బాగుంది. దాన్ని కాస్త కుదించు. 17 అక్షరాల చాసిస్ నంబరు చెబితేనే సరైన పార్టు తేలుతుందన్నది ఉంచు. పగిలిన అద్దం మూలన మిగిలిన ముక్క మీద ముద్ర ఉంటే ఫోటో తీసి పెట్టుకొమ్మని కూడా చేర్చు. తయారుచేసినవాడి పేరు, టెంపర్డా కాదా అన్నది, మన దేశపు అద్దమైతే ఐఎస్ 2553 అన్న ప్రమాణం, ఇవన్నీ ఆ ముద్రలోనే ఉంటాయి. స్క్రాప్‌లో కొనేవాళ్లకు ఒక హెచ్చరిక చెయ్యి: అద్దం మధ్యలో గీత ఉందా అని చూసి ఊరుకోకుండా అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూడాలి, చిన్న పెచ్చు లేచి ఉన్నా వద్దనాలి. విశాఖ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పిస్తే దుప్పటి చుట్టి నిలబెట్టి పంపమని చెప్పాలి. ధర రాసిన చోట ఏ నెలలో కొన్నారో పక్కనే రాయి. లేకపోతే రెండేళ్ల తర్వాత చదివినవాడు షాపువాడితో గొడవ పెట్టుకుంటాడు.

నీ వ్యాసం చదివాక నేను మా ఊళ్లో ఒక షెడ్డుకు వెళ్లి, ఈ పని చేసే మెకానిక్ పక్కన నిలబడ్డాను. ఒడియా ఆయనే, తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు. అద్దం, దాని కింది ఇనుప ఫ్రేమూ కలిపే వచ్చాయి. పక్కకు రెండేసి స్టార్ స్క్రూలు. వాటిని పూర్తిగా బిగించలేదాయన. అద్దం కదలకుండా, తోస్తే మాత్రం జరిగేటంత పట్టు ఇచ్చి వదిలేశాడు. సన్‌రూఫ్ మూశాడు. అప్పుడు చూపుడువేలి గోరును రూఫ్ మీద పెట్టి, ముందు నుంచి వెనక్కి, అద్దం మీదుగా మళ్లీ రూఫ్ మీదికి లాగాడు. చూపు ఎటో గోడ వైపు ఉంది. గోరు వెనక అంచు దగ్గర టక్కుమని తగిలింది. కొద్దిగా స్క్రూ వదిలి, అద్దాన్ని వెంట్రుకవాసి పైకి లేపి, మళ్లీ గోరు లాగాడు. ఈసారి ఎక్కడా తగల్లేదు. “గాలి పోయే దారి ఇదే కదా మాస్టారూ, గోటికి తగిలిందంటే గాలికీ తగుల్తుంది, ఇక ఎనభై స్పీడులో ఈల వేస్తుంది” అన్నాడు. చాలా కార్లలో ముందు అంచు రూఫ్ కంటే మిల్లీమీటరు లోపు కిందికి, వెనక అంచు మిల్లీమీటరు లోపు పైకి ఉండాలని సర్వీస్ పుస్తకాల్లో రాస్తారు. ఆ కొలతా రాయి, ఈ గోరూ రాయి. కొలత ఒక్కటే రాస్తే పాఠకుడు స్కేలు పట్టుకుని రూఫ్ మీద ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతాడు. మీ మావయ్య ఇలాంటివి ఏం చేస్తాడో గమనించావా? స్క్రూ బిగించేటప్పుడు ఆయన చూపు ఎక్కడ ఉంటుంది, ఏ చప్పుడు కోసం ఆగుతాడు? ఆయన్ని అడిగితే “ఏముందిరా, బిగించడమే” అంటాడు. నువ్వే చూసి రాయాలి.

కొన్ని బళ్లలో ఫ్రేముకు అద్దాన్ని విడిగా అతికించాలి. అప్పుడు యూరిథేన్ జిగురే వాడాలని తేల్చి చెప్పు. షాపుల్లో సులువుగా దొరుకుతుందని సిలికాన్ పూస్తుంటారు. దానికి ఆ బలం చాలదు. పైగా దాని మరక మిగిలిన చోట తర్వాత యూరిథేన్ కూడా అంటుకోదు. యూరిథేన్ గాల్లోని తేమతో గట్టిపడుతుంది, ట్యూబు మీద రాసినంత సమయం బండిని కదపకూడదు. ఇది రెండు వాక్యాల్లో చెప్పి వదిలెయ్.

నీ వ్యాసంలో అసలు లేనివి నీళ్ల పైపులు. నన్నడిగితే అదే అన్నిటికంటే పెద్ద లోటు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరే నీళ్లను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. రబ్బరు దాటి ఎంతో కొంత నీరు లోపలికి దిగుతూనే ఉంటుంది. అది అద్దం కింద ఉన్న కాలవలో పడి, నాలుగు మూలల్లో ఉన్న సన్నటి పైపుల్లోంచి రూఫ్‌ను మోసే స్తంభాల లోపలుగా కిందికి పోయి రోడ్డు మీద పడాలి. అద్దం పగిలినప్పుడు ఆ గింజల్లాంటి ముక్కలు ఎక్కడికి పోతాయనుకున్నావు? కొన్ని తిన్నగా ఆ పైపుల మూతి దగ్గరికే పోతాయి. పాత బండి కాబట్టి అప్పటికే అక్కడ దుమ్మూ ఆకులూ పేరుకుని ఉంటాయి. కొత్త అద్దం బిగించి, తుడిచి, తాళాలు ఇచ్చి పంపేస్తారు. కోరాపుట్‌లో ఆషాఢం వాన ఎలా కురుస్తుందో నీకు నేను చెప్పాలా? ఒక్క రాత్రికి కాళ్ల కింద కార్పెట్ చెమ్మగిల్లి కంపు కొడుతుంది. ఓనరు వచ్చి అద్దం సరిగ్గా పెట్టలేదని మీ మావయ్య మీద పడతాడు. అద్దంలో ఏ లోపమూ ఉండదు.

కాబట్టి దీనికి ఒక నిండు పేజీ ఇవ్వు. అద్దం పెట్టకముందే కాలవను వాక్యూమ్‌తో శుభ్రం చేశాక, చిన్న మగ్గుతో ఒక్కో మూలా నెమ్మదిగా నీళ్లు పోయాలి. రెండోమనిషి కింద కూర్చుని ఏ చక్రం దగ్గర ధార పడుతోందో చూడాలి. ధార రాకుండా మూలలో నీళ్లు నిలబడితే మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా పొడవాలి. షెడ్డులో ఎయిర్ కంప్రెసర్ ఉంది కదా అని గట్టిగా గాలి కొడితే లోపల జాయింటు దగ్గర పైపు ఊడిపోవచ్చు. అప్పుడు నీళ్లన్నీ రూఫ్ లైనింగులోకి దిగుతాయి, లైనింగు దింపితే తప్ప ఆ పైపు చేతికి అందదు. ఇలా చెయ్యకండి అని రాసిన ప్రతిచోటా చేస్తే ఏమవుతుందో కూడా రాయి.

ఇంకొకటి. “ఏ కారుకైనా ఇదే పద్ధతి” అని చివర్లో రాశావు. అది కొట్టెయ్. నువ్వు దగ్గరుండి చూసింది ఒక మోడల్ కారు. దాని పేరు, ఏ సంవత్సరానిదో రాసి, దాని గురించి మాత్రం ధైర్యంగా చెప్పు. పని అయ్యాక స్విచ్‌ను మూసే వైపు కాసేపు నొక్కి పట్టి మోటారుకు మళ్లీ హద్దులు నేర్పించడం చాలా కార్లలో ఉంది. ఎన్ని సెకన్లు, ఎప్పుడు వదలాలి అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. నీ కారుకు ఎలాగో రాసి, తక్కినవాళ్లను తమ కారు పుస్తకం చూసుకొమ్మను. ఇలా హద్దు చెప్పి రాసేవాణ్ణే పాఠకుడు నమ్ముతాడు.

ఒడియా మీడియంలో చదివాను, నా తెలుగు బాగుండదు అని రాశావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా మీ జయపురం విశాఖపట్నం జిల్లాలోదే. నీ ఇంట్లో వినిపించే తెలుగు ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండే గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల భాషను వాళ్ల దగ్గరే విని నేర్చుకుని రాసుకున్నారు, మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రావాలని జీవితమంతా పోరాడారు. నువ్వు షెడ్డులో పానా అంటే పానా అనే రాయి, బీడింగు అంటే బీడింగే. నాకోసం వాటిని మార్చొద్దు. ఒత్తులూ దీర్ఘాలూ నేను దిద్దిపెడతాను, అదేం పెద్ద పని కాదు.

తిరగరాశాక నాకు పంపేముందు, మీ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడెవరైనా ఉంటే అతనికి పైకి చదివి వినిపించు. అతను “అంటే?” అని అడిగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో. బాగుంది అంటాడేమో, ఆ మాట పట్టించుకోకు.

ముందు ఆ నీళ్ల పైపుల పేజీ ఒక్కటే రాసి పంపు, తక్కినది తర్వాత చూద్దాం. ఆ కారులో వెనక పైపుల నీళ్లు సరిగ్గా ఎక్కడ బయటికి వస్తాయో, చక్రం పక్కనా, బంపర్ వెనకా, మీ మావయ్యను కారు కిందికి దూరి చూపించమని అడిగి మరీ రాయి. ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో
మాస్టారు