ర్యాంకు వేరు, ధర వేరు

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 1,40,000 డాలర్లు. ఆఫీసు స్నేహితులం 12 మందిమి తలా 50 డాలర్లు వేసుకుని ఏడు సీజన్లుగా ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫాంటసీ లీగ్ ఆడుతున్నాం. నిజం ఆటగాళ్లను ఉత్తుత్తిగా కొనుక్కుని, మ్యాచ్‌ల్లో వాళ్లు తెచ్చే అంకెలతో పోటీపడే ఆట ఇది. వేలం పద్ధతి. ఒక్కొక్కరికీ 200 ఉత్తుత్తి డాలర్లు, 13 మంది ఆటగాళ్లను కొనుక్కోవాలి. నేను రెండుసార్లు గెలిచాను. ర్యాంకింగుల కోసం మూడు వెబ్‌సైట్లకు 40 చొప్పున ఏటా 120 డాలర్లు కడుతున్నాను. ఈసారి తెలిసినాయన ఒకరు 1,000 డాలర్ల ప్రవేశ రుసుముతో పెద్ద లీగ్ పెడుతున్నారు. అందులోనూ 12 మందే. బహుమతులు 7,000, 2,500, 1,300. మిగిలిన 1,200 నిర్వహణ పేరిట ఆయన ఉంచుకుంటారు. నాకు బోనస్ 6,000 డాలర్లు చేతికొచ్చింది. క్రెడిట్ కార్డు బాకీ 5,000 ఉంది, వడ్డీ 24%. 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) ఖాతాలో జీతంలో 3% వేస్తున్నాను. కంపెనీ 5% దాకా అంతకంతా కలుపుతుంది. ఆటగాళ్లను అంచనా వేయడంలో నాకు మంచి పట్టుంది. ఈ వెయ్యిని చిన్న పెట్టుబడిగా చూడొచ్చా? మా ఆవిడ ససేమిరా అంటోంది.

జవాబు: పెట్టుబడిగా చూడొద్దు. కానీ మీ ర్యాంకింగుల విద్యను నేను తీసిపారేయను. అది సరిగ్గా చేసేవాళ్లకు తెలిసిన సూత్రం ఒకటి ఇంటి డబ్బుకూ అక్షరాలా పనికొస్తుంది. మీరు దాన్ని ఆటగాళ్ల మీద వాడుతున్నారు, బోనస్ మీద వాడటం లేదు. అందుకే ముందు ఆట సంగతే మాట్లాడతాను.

మీ ఆఫీసు లీగ్‌లో 12 జట్లు, జట్టుకు 13 మంది, అంటే 156 మంది అమ్ముడుపోతారు. 157వ ఆటగాడు ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతాడు. సీజన్‌లో ఎప్పుడు కావాలన్నా అతన్ని ఊరికే తెచ్చుకోవచ్చు. కాబట్టి ఏ ఆటగాడికైనా డబ్బు పెట్టాల్సింది అతను తెచ్చే మొత్తానికి కాదు, ఊరికే దొరికేవాడి కంటే ఎంత ఎక్కువ తెస్తాడో అంతవరకే. ఆ 157వ వాడు మ్యాచ్‌కి 10 పాయింట్లు తెస్తాడనుకుంటే, 25 తెచ్చేవాడి విలువ 15. రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని పట్టడం), అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసే పాసులు), స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్‌లు (ప్రత్యర్థి షాట్‌ని అడ్డుకోవడం) అన్నిటికీ ఇదే లెక్క.

ఇప్పుడు ధర కట్టడం సులువు. అందరి దగ్గరా కలిపి 2,400 డాలర్లు. ఎవరినైనా కనీసం ఒక డాలరుకి పాడాలి కనుక 156 అక్కడే పోయాయి. మిగిలిన 2,244 డాలర్లను ఈ అదనపు విలువల నిష్పత్తిలో పంచాలి. నికోలా యోకిచ్ 2024-25లో 70 మ్యాచ్‌లాడి సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు తెచ్చాడు. మొత్తం అదనపు విలువలో అతని వాటా 3.5% అని మీ లెక్కలో తేలిందనుకోండి. 2,244లో 3.5% అంటే 78.5, దానికి ఆ కనీస డాలరు కలిపితే దాదాపు 80. అతన్ని 72కి వదిలేసి, జాబితాలో మన ముందు వరుసలోనే ఉన్నాడు కదా అని పన్నెండో ర్యాంకువాణ్ని 60కి కొనుక్కునేవాళ్లు ప్రతి వేలంలోనూ ఉంటారు. వరుస సంఖ్య చేసే మోసం ఇదే. ఒకటికీ రెండుకీ మధ్య ఎంత దూరం కనిపిస్తుందో, 91కీ 92కీ మధ్య కూడా కాగితం మీద అంతే కనిపిస్తుంది. నిజానికి పైన ఒక్కో మెట్టూ ఎత్తుగా ఉంటుంది, 90 దాటాక దాదాపు చదును. మీరు 120 డాలర్లు కట్టి మూడు సైట్లను పోల్చి చూస్తున్నది ఎక్కువగా ఆ చదును నేల మీదే అని నా అనుమానం.

ఆడని మ్యాచ్‌ల లెక్క కూడా ఇందులోనే తేలుతుంది. విక్టర్ వెంబన్యామా 2024-25లో మ్యాచ్‌కి 3.8 బ్లాక్‌లు చేశాడు. భుజంలో రక్తం గడ్డకట్టడంతో 46 మ్యాచ్‌ల దగ్గరే అతని సీజన్ ఆగింది. సగటు చూసి వేసిన ర్యాంకులో ఇది కనపడదు. అలాగని 82 మ్యాచ్‌ల సీజన్‌లో మిగిలిన 36కూ సున్నా వేయడమూ తప్పే. మీ లీగ్‌లో గాయపడ్డవారికి విడిగా స్థానం ఉంటే ఆ ఖాళీలో 157వ వాడు ఆడతాడు. మీరు నష్టపోయేది మధ్య తేడా మాత్రమే. జోయెల్ ఎంబీడ్ అదే సీజన్‌లో 19 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు, అంతకు ముందు 39. రెండేళ్ల వరస ఇలా ఉన్నప్పుడు దాన్ని దురదృష్టం ఖాతాలో వేసి పూర్తి ధర పెట్టడం నాకు నచ్చదు. ఇక పాత జాబితాలో పేర్లు మార్చకుండా కూర్చునేవాళ్లకు ఒక హెచ్చరిక: 2025 మేలో జేసన్ టేటమ్‌కి, జూన్‌లో ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో టైరీస్ హాలీబర్టన్‌కి కాలి మడమ వెనుక ఉండే ఎకిలిస్ స్నాయువు తెగింది. ఇద్దరూ అప్పటిదాకా మొదటి వరుసలో అమ్ముడుపోయినవాళ్లే.

ర్యాంకు అందరికీ ఒకటే కాదన్నది కూడా మీకు తెలిసే ఉంటుంది. యానిస్ అంటెటొకౌంపో 2024-25లో మ్యాచ్‌కి 30కి పైగా పాయింట్లు కొట్టాడు, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డులేకుండా వేసే షాట్లు) మాత్రం 61.7 శాతమే పడ్డాయి. అవి కూడా మ్యాచ్‌కి పదికి మించి వేస్తాడు కాబట్టి ఒక్కడే జట్టు మొత్తం ఫ్రీ త్రో శాతాన్ని కిందికి లాగేస్తాడు. పాయింట్లు, రీబౌండ్లలా విడివిడిగా పోటీపడే తొమ్మిది విభాగాల్లో ఆ ఒక్కదాన్నీ ముందే వదులుకున్న జట్టుకు అతను బంగారం, మిగతావాళ్లకు తలనొప్పి. ఎవరో వేసిన జాబితాలో అతనిది ఎన్నో స్థానం అన్న ప్రశ్నకు, మీ జట్టులో ఇంకెవరున్నారో తెలియకుండా జవాబు లేదు.

అడుగున ఒక డాలరుకి కొనే ఆటగాళ్ల విషయంలో భద్రత చూడొద్దు. డైసన్ డేనియల్స్ అట్లాంటాకి మారిన మొదటి సీజన్‌లోనే 229 స్టీల్స్ చేశాడు, మ్యాచ్‌కి మూడు. అలాంటి వాడు దొరికితే సీజన్ మారిపోతుంది, దొరక్కపోతే పోయేది ఉత్తుత్తి డాలరు. ఇంకొక్క మాట, ఫ్రిస్కో అన్నారు కాబట్టి: మీ పక్కనున్న డాలస్ జట్టు మావెరిక్స్ ఆటగాళ్లకు మీరు పెట్టే ధర వేలానికి ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సొంత ఊరి జట్టుకు ఎక్కువ పాడటం, పనిచేసే కంపెనీ షేర్లలోనే దాచుకున్నదంతా పెట్టడం ఒకే జబ్బు. తమ స్టార్ ఆటగాడు లూకా డోంచిచ్‌ని 2025 ఫిబ్రవరిలో లేకర్స్‌కి పంపేసినప్పుడు ఆ జట్టు మీ అభిమానాన్ని అడగలేదు కదా.

ఇక వెయ్యి డాలర్ల లీగ్. 12 మందీ సమానులే అనుకుంటే, వచ్చేది 10,800 భాగించు 12, అంటే తలకు 900. ఆట మొదలవకముందే నూరు పోయింది. తర్వాత పన్ను. బహుమతి సొమ్ము ఫెడరల్ పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయమే, ఎవరూ ఏ ఫారం పంపకపోయినా సరే. మీ జీతానికి, భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేస్తే, పై డాలరు మీద 22% పడుతుంది. గెలిచిన ఏడాది ప్రవేశ రుసుము తీసేసి మిగతాదాని మీదే పన్ను కట్టినా 7,000 కాస్తా 5,680 అవుతుంది, 2,500 వచ్చి 2,170 దగ్గర, 1,300 వచ్చి 1,234 దగ్గర నిలుస్తాయి. ఓడిన ఏళ్ల వెయ్యి మాత్రం తగ్గించుకోవడానికి వీల్లేదు. మీలాగే ఎక్కువమంది వాడుకునే స్టాండర్డ్ డిడక్షన్‌లో (ఖర్చులు విడిగా చూపకుండా ఒకే మొత్తం తగ్గించుకునే పద్ధతి) జూదం నష్టాలకు చోటు లేదు. విడివిడిగా ఖర్చులు చూపించేవాళ్లకు సైతం 2026 నుంచి ఆ నష్టాల్లో 90 శాతమే లెక్కకు వస్తుంది, అదీ గెలుపు సొమ్ము మేరకే. ఇవన్నీ పోగా సగటున తిరిగొచ్చేది 757. అంటే సీజన్‌కి 243 డాలర్ల ఖర్చు. ఎక్కువమంది పన్ను కట్టరు అంటారేమో. కట్టకపోవడాన్ని నేను ప్రణాళికగా రాసివ్వలేను.

నేను సగటు ఆటగాణ్ని కాదు అంటారు మీరు. సరే. రెండు, మూడు స్థానాల అవకాశాలు అందరిలాగే ఉంచి చూస్తే, నష్టం లేకుండా బయటపడాలంటే మొదటి స్థానం మీకు 12.6% సీజన్లలో రావాలి, అంటే ఎనిమిదింటికొకసారి. మీకు ఏడింట రెండు వచ్చాయి కాబట్టి ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. కానీ 12 మంది ఏ తేడా లేకుండా చీటీలు తీసినట్టు గెలిచినా, ఏడు సీజన్లలో ఎవరో ఒకరు కనీసం రెండుసార్లు గెలిచే అవకాశం 89%. మీ గుంపులో రెండుసార్లు గెలిచినవాడు ఒకడు ఉండటం వింత కాదు, లేకపోతే వింత. ఆ ఒకడు మీరయ్యారు. మీకు నేర్పు లేదని నేననడం లేదు. ఏడు సీజన్ల ఫలితాలు ఆ సంగతి తేల్చలేవు. పైగా 50 డాలర్లకు సరదాగా ఆడే సహోద్యోగుల్లో సగం మంది జనవరికే జట్టును చూడటం మానేస్తారు. వెయ్యి పెట్టినవాళ్లు మానరు. మీకు నిజంగానే ఆ 12.6% నేర్పు ఉందనుకున్నా, పది సీజన్లు ఆడి ఒక్కసారీ మొదటి స్థానం రాకుండా ఉండే అవకాశం 26% దాకా ఉంటుంది.

ఆ నిర్వాహకుడి 1,200 గురించి నాకు ఇంకో అభ్యంతరం ఉంది, ఇది నష్టం లెక్క కంటే పెద్దది. టెక్సాస్ శిక్షాస్మృతిలోని 47.02 సెక్షన్ డబ్బు పందాల గురించినది. ప్రైవేటు చోట ఆడి, నేర్పు, అదృష్టాల తేడా తప్ప అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండి, సొంతంగా గెలుచుకున్నది తప్ప ఎవరికీ ఆర్థిక లాభం లేకపోతే, దాన్ని రక్షణగా చెప్పుకోవచ్చని ఆ సెక్షనే అంటుంది. 50 డాలర్లు వేసుకుని మొత్తం పంచేసుకునే మీ స్నేహితుల లీగ్ ఈ దారిలో నడుస్తోంది. మధ్యలో ఒకరు నిర్వహణ పేరిట సొమ్ము ఉంచుకోగానే ఆ రక్షణలో ఒక కాలు విరిగిపోతుంది. రోజువారీ ఫాంటసీ ఆటల సైట్లు కోత తీసుకోవడాన్ని ప్రస్తావిస్తూ 2016లో అక్కడి అటార్నీ జనరల్ ఇచ్చిన అభిప్రాయంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. నేను లాయరును కాను, ఈ మాట ఒక లాయరును అడగండి. అడిగేదాకా డబ్బు పంపకండి.

ఇప్పుడు బోనస్‌ని వేలానికి పెడదాం. డబ్బు విషయంలో ఊరికే దొరికే 157వ ఆటగాడు ఎవరు? బ్యాంకు సేవింగ్స్ ఖాతా. అక్కడ 4% వస్తుందనుకోండి. కార్డు బాకీ తీర్చే ప్రతి డాలరూ 24% మిగులుస్తుంది, అంటే ఊరికే దొరికేదాని కంటే 20% ఎక్కువ. అదీ పన్ను లేకుండా, గాయాలు లేకుండా. 401కె సంగతి ఇంకా ఘోరం. మీరు 3% దగ్గర ఆగిపోవడం వల్ల కంపెనీ ఇస్తానన్న 2%, అంటే ఏటా 2,800 డాలర్లు, వదిలేస్తున్నారు. మీరు చేరాలనుకుంటున్న లీగ్‌లో రెండో బహుమతి కంటే ఇది ఎక్కువ, ఎవరినీ ఓడించక్కర్లేదు. వేలంలో యోకిచ్ పేరు పిలిచినప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నట్టుంది మీ పద్ధతి.

కాబట్టి మొదట పేరోల్‌లో 3ని 5 చేయండి, ఈ వారమే. ఏటా అదనంగా 2,800 వేస్తే పన్ను తగ్గుదల పోను చేతికొచ్చే జీతం నెలకు 182 డాలర్ల వరకు తగ్గుతుంది. కంగారొద్దు, ఎందుకంటే బోనస్‌లో 5,000 తీసి కార్డు బాకీ ఒకేసారి కట్టేస్తారు. దాని మీద ఒక్క వడ్డీయే నెలకు వంద పోతోంది. అసలుతో కలిపి మీరు కడుతున్న వాయిదా ఆగిపోతే ఆ 182లో చాలా భాగం సర్దుకుంటుంది. ఆఫీసు లీగ్ 50 కట్టండి, మానొద్దు. మూడు సైట్లలో ఒకటి ఉంచుకుని రెండు ఆపేయండి. మీకు కావలసిన అంకెలు ఎన్‌బీఏ సొంత సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, పైన చెప్పిన ధరల పట్టిక మీరే కట్టుకోవచ్చు. అప్పటికి 910 మిగులుతాయి. అవి అత్యవసర నిధికి. మూడు నెలల ఇంటి ఖర్చు అందులో చేరేదాకా పెద్ద లీగ్ మాటే ఎత్తొద్దు.

ఆ తర్వాతి సీజన్‌లో ఆడాలనిపిస్తే ఆ నిర్వాహకుణ్ని రుసుము వదులుకుంటారేమో అడగండి. ఆయన ఒప్పుకుంటే వెయ్యి పెట్టండి. అది వెళ్లాల్సింది సినిమాలు, హోటళ్ల పద్దులోంచి. పొదుపు, పెట్టుబడుల పద్దులు ముట్టుకోవద్దు.