లోడ్ పెట్టి చూడు, తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి,

జీపు సాకెట్‌లో వోల్టేజ్ కొలవడం గురించి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పాత జీపు డ్యాష్‌బోర్డులో ఉన్న సాకెట్‌కి గాలి పంపు తగిలిస్తే అది కాసేపు మూలిగి ఆగిపోయిందని మొదలుపెట్టావు చూడు, ఆ ఎత్తుగడ నాకు చాలా నచ్చింది. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించుకున్నవాడు, గట్టు ఎక్కాక మళ్ళీ నింపుకోవాలి. అప్పుడు పంపు మొరాయిస్తే ఎంత టెన్షనో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ పేరా జోలికి వెళ్ళకు.

నా బాధంతా మూడో పేరాతోనే. "మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) ప్రోబ్‌లు సాకెట్‌లో పెట్టి చూడండి, 12.6 వోల్టులు చూపిస్తే సాకెట్‌కి ఏ లోపమూ లేనట్టే" అని రాశావు. ఈ ఒక్క మాట నమ్మి ఎవరైనా బాగున్న బ్యాటరీని తీసి పక్కన పెడతారు, లేదా కొత్త పంపు కొంటారు. నాకెలా తెలుసంటే, చాలా ఏళ్ళ క్రితం ఇదే మాట నేనూ రాశాను. చదివిన ఒకాయన బ్యాటరీ మార్చాడు. కొత్త బ్యాటరీతోనూ పంపు అలాగే ఆగిపోయిందని నాకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాను.

మీటర్ ఎందుకలా చూపిస్తుందో పాఠకుడికి చెప్పాలి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. అంటే అది తీసుకునే కరెంటు ఆంపియర్‌లో పది లక్షో వంతు. అంత చిన్న కరెంటుకి తుప్పు పట్టిన కాంటాక్ట్ కూడా అడ్డం కాదు. నువ్వు నీళ్ళ పైపు పోలిక తెచ్చావు, మంచిదే, కానీ సగంలో వదిలేశావు. పైపు ముప్పాతిక వంతు పూడిపోయినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పినప్పుడే కదా సన్నటి ధార కనిపించేది. ఆ తిప్పడమే లోడ్. పంపు తిరుగుతుండగానో, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు వెలుగుతుండగానో తీసిన రీడింగే రీడింగ్. ఆ బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, పరీక్షకు చక్కగా సరిపోతుంది. ఒక నిమిషంలో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి సీటు మీద పెట్టొద్దని కూడా రాయి.

ఇప్పుడు నా జీపులో నేను చూసింది చెబుతాను. లోడ్ లేకుండా సాకెట్ దగ్గర 12.6. ఇంజిన్ ఆపి, పది ఆంపియర్ల పంపు ఆన్ చేసి కొలిస్తే బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర 12.3, సాకెట్ వెనక 10.4. మధ్యలో 1.9 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. ఎక్కడ? చాలామంది లాగే నేనూ పాజిటివ్ వైపే పట్టుకున్నాను. ఫ్యూజ్ తీశాను, దాని కాళ్ళు రుద్దాను, మళ్ళీ పెట్టాను. పాజిటివ్ వైపు మొత్తం పోతున్నది 0.4 మాత్రమే. మిగిలిన ఒకటిన్నర వోల్టు ఎర్త్ వైపు, అంటే కరెంటు బాడీ రేకు గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళే దారిలో పోతోంది.

డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి టార్చి వేసి చూశాను. సాకెట్ ఎర్త్ వైరు చివరి లగ్గును (బోల్టు పట్టే లోహపు కొసని) బాడీ రేకుకి బోల్టుతో బిగించారు. బోల్టు గట్టిగానే ఉంది. విప్పి చూస్తే లగ్గు కింద రంగు అలాగే ఉంది. ఎప్పుడో బాడీకి రంగు వేసినప్పుడు గీకకుండా దాని మీదే బిగించేశారు. ఇన్నాళ్ళూ కరెంటు బోల్టు మరల గుండానే తిరిగి వెళ్తోంది, ఆ మరలకీ తుప్పు. లగ్గు మెడ దగ్గర వైరు తొడుగు కొంచెం ఒలిచాను. రాగి పోగులు ఎర్రగా లేవు, పచ్చటి చిలుము లోపలికంటా పాకింది. పది ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు పోవడమంటే, ఆ చిన్న చోట 15 వాట్ల వేడి. బోల్టు మీద వేలు పెడితే చురుక్కుమంది. నీ వ్యాసంలో ఎర్త్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. పాత జీపుల్లో నీళ్ళూ బురదా మొదట పాడుచేసేది ఎర్త్‌నే. దానికి ఒక పేరా ఇవ్వు, పాజిటివ్ కంటే పెద్దదే ఇవ్వు.

కొలిచే పద్ధతి రాసేటప్పుడు చేతులు ఎక్కడుంటాయో రాయి. పంపు నడుస్తుండగా ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీదే ఉంచి, రెండోదాన్ని ఫ్యూజ్ ముందు, ఫ్యూజ్ తర్వాత, ఇగ్నిషన్ స్విచ్ దాటాక, చివరికి సాకెట్ వెనక మధ్య పిన్ను వైరు దగ్గర పెట్టుకుంటూ వెళ్ళాలి. అంకె ఎక్కడ గభాలున పెరిగిందో లోపం అక్కడే. ఎర్త్‌కీ ఇంతే, బ్యాటరీ నెగటివ్ నుంచి సాకెట్ డొప్ప దాకా. ఇక్కడ ప్రతి పాఠకుడూ ఆగిపోయే చిక్కు ఒకటుంది. మీటర్ వైర్లు మహా అయితే మీటరు పొడవు. బ్యాటరీ బానెట్ కింద, సాకెట్ డ్యాష్‌బోర్డులో. పాత ఇయర్‌ఫోన్ వైరంత సన్నటిదైనా సరే, పొడవాటి వైరుకి రెండు చివరలా క్లిప్పులు పెట్టి ఒక ప్రోబ్‌కి కలుపుకోవచ్చు. మీటర్ వైరులో కరెంటు దాదాపు పారదు కాబట్టి అక్కడ వోల్టేజ్ పడిపోదు. ఇందాక మనల్ని మోసం చేసిన గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే ఆ సన్నటి వైరు బ్యాటరీ పాజిటివ్‌కి తగిలి ఉండగా రెండో చివర బాడీకి ఆనితే క్షణంలో కాలిపోతుంది. అందుకే బ్యాటరీ వైపు ఒక చిన్న ఫ్యూజ్ పెట్టుకోమని తప్పకుండా చెప్పు.

అంకెలు ఒంటరిగా రాయకు. "12.2 ఉంటే తక్కువ" అన్నావు. ఎప్పుడు? ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన బ్యాటరీలో 12.2 అంటే సగం ఛార్జ్. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరే 12.2 అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని చేయనట్టే, అక్కడ సుమారు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. అదే 12.2 పంపు లాగుతుండగా సాకెట్ దగ్గర వస్తే నేనైతే సంతోషిస్తాను. ఇంకా పాత జీపులున్నవాళ్ళ సంగతి కూడా గుర్తుంచుకో. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపుకి వైరింగే 6 వోల్టులు. దాన్ని అలాగే కాపాడుకుంటున్నవాడు 6.3 చూసి కంగారు పడక్కర్లేదు.

కాంటాక్టులన్నీ శుభ్రంగా ఉన్నా వోల్టేజ్ పడిపోయే సందర్భం నువ్వు అసలు తాకలేదు. ఈ సాకెట్ మొదట్లో పెట్టింది సిగరెట్ లైటర్ కోసం. అది కొన్ని సెకన్లలో వేడెక్కి బయటికి తన్నుకొచ్చేది, గంటల తరబడి ఫ్రిజ్ నడపడం దాని పని కాదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, పోనూ రానూ కలిపి పది మీటర్లుంటే దాని నిరోధం సుమారు 0.17 ఓమ్. పది ఆంపియర్లకి 1.7 వోల్టులు వైరే తినేస్తుంది. అదే నాలుగు చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు కూడా పోదు. అందుకే పెద్ద లోడ్ ఉన్నవాళ్ళని బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు లాక్కోమను. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎర్త్ కూడా నేరుగా బ్యాటరీకే రావాలి.

ఒక వాక్యం మాత్రం కొట్టేశాను, క్షమించు. "ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే ఇంకొంచెం పెద్దది వేయండి" అన్నది. ఫ్యూజ్ కాపాడేది పంపుని కాదు, వైరుని. 15 ఆంపియర్ల వైరుకి 30 ఫ్యూజ్ వేస్తే, తర్వాత కాలేది డ్యాష్‌బోర్డు వెనకున్న వైర్ల కట్ట. ఇలాంటి చోట పాఠకుడి బండి, ఒక్కోసారి ప్రాణం, మన చేతిలో ఉంటుంది.

భాష గురించి చిన్న మాట. "భూసంధానం", "విద్యుద్భారం" అని రాశావు. స్పానర్ పట్టుకున్నవాడెవడూ అలా అనడు. ఎర్త్ అను, లోడ్ అను. చిలుముకి మాత్రం మన మాట ఎంత బాగుందో చూడు, దాన్ని వదలకు.

రేపు పొద్దున నీ జీపు దగ్గరికి వెళ్ళి హెడ్‌లైట్ బల్బు వెలిగించి రెండు వైపులా కొలువు. మొదలుపెట్టే ముందు చేతి గడియారం, ఉంగరం తీసి జేబులో వేసుకో. వచ్చిన అంకెలు, ఎక్కడ ఎంత పడిపోయిందో, మసి చేతులతోనే కాగితం మీద రాసుకో. మూడో పేరా వాటితో మళ్ళీ రాసి పంపు. ఎదురు చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య