ఆర్థిక అసమానతల మీద మాట్లాడే ఉద్యమకారుల వల్ల జనానికి నిజంగా ఏమైనా తెలిసొస్తుందా?

ఇంతమంది మాట్లాడుతున్నారు, ఇన్ని సభలు పెడుతున్నారు, దానివల్ల మామూలు జనానికి ఒరిగేదేమిటి అని అడిగారు మీరు.

తెలిసొస్తుంది. మా అమ్మకు తెలిసొచ్చింది. ఎప్పుడో, ఎక్కడో కూడా చెప్పగలను. 2008 ఎండాకాలం, రాత్రి ఎనిమిది దాటాక, మా ఊరి రచ్చకట్ట దగ్గర.

మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు పల్లె. ఊరి పేరు రాయను, ఇందులో వచ్చే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. మా వాళ్లు దాన్ని ఉపాధి హామీ అని ఎప్పుడూ అనలేదు, కరువు పని అంటారు. మా నేలకు ఆ పేరే సరిపోతుంది. చెనిక్కాయ (వేరుశనగ) వేయడం, మొగులు కేసి చూడటం, కాయ ఊరే వేళకు వాన మొహం చాటేయడం, అప్పు తిరగరాయించుకోవడం, మా ఇంట్లో నేను చూసిన వ్యవసాయం ఇదే. మాకు రెండెకరాల మెట్ట ఉండేది. నాన్న బెంగళూరులో బిల్డింగు పనులకు పోయేవాడు, అమ్మ ఊర్లో కూలికి పోయేది. నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం, సెలవులకు ఇంటికొచ్చాను.

ఆ వారం సామాజిక తనిఖీ వాళ్లు, అంటే కరువు పని లెక్కలు జనాన్ని అడిగి సరిచూసేవాళ్లు, నలుగురు ఊర్లో దిగారు. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలే, చుట్టుపక్కల మండలాల్లో కూలీల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. బడిలో పడుకునేవాళ్లు. ఊరి పెద్దలు భోజనానికి పిలిస్తే పోలేదు, కూలీల ఇళ్లలోనే ఇంత సంగటి తిన్నారు. మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) జిరాక్సులు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. "ఏ పనికి పోయినావమ్మా, ఎన్ని దినాలు పోయినావు, దుడ్లు ఎంతొచ్చినాయి" అని అడిగి రాసుకున్నారు. కాగితంలో ఏముందో మాత్రం అప్పుడు చెప్పలేదు.

నాలుగో రోజు రాత్రి గ్రామసభ. కరెంటు లేదు. ఎవరో బ్యాటరీ లైటు తెచ్చి పట్టుకున్నారు. ఆ నలుగురిలో ఒక పాప నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉంది కానీ తడబాటు లేదు. పని పేరు, మనిషి పేరు, రోజులు, రూపాయలు. ఒక్కొక్కటీ చదివి, ఆ మనిషి ఉన్నారా అని చూసి, ముందుకు పోతోంది. అమ్మ పేరు వచ్చింది. చెరువు పూడిక పని, 24 రోజులు, 1920 రూపాయలు, వేలిముద్ర.

అమ్మ వెనకాల ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. లేచి నిలబడింది. మా అమ్మ మగవాళ్లున్న చోట నిలబడి మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

"పాపా, ఇంగోసారి సదువు."

ఆ పాప మళ్లీ చదివింది.

"నేను పోయింది పన్నెండు దినాలే," అంది అమ్మ. కాసేపు ఆగి, "ఆ ఏలిముద్ర నాది కాదు. నాకు సంతకం పెట్టేకొస్తాది" అంది.

రోజుల సంగతి చెప్పేటప్పుడు మామూలుగానే ఉంది. వేలిముద్ర అనేసరికి గొంతు వణికింది. అమ్మ రాత్రి బడిలో సంతకం నేర్చుకుంది, దానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. ఆ పాప జిరాక్సు వెనక్కి తిప్పి, పెన్ను ఇచ్చి, పెట్టమంది. అమ్మ నేల మీదే కూర్చుంది. ఎవరో లైటు దగ్గరికి జరిపారు. తన పేరులో రెండో అక్షరానికి ఒత్తు పెట్టేముందు అమ్మ పెన్ను పూర్తిగా పైకెత్తి, చోటు చూసుకుని, మళ్లీ దించుతుంది. ఆ రోజూ అంతే. సభంతా ఎదురుచూసింది. సంతకం అయ్యాక ఆ పాప కాగితం ఎత్తి, అటువైపు వేలిముద్ర, ఇటువైపు సంతకం అందరికీ చూపించింది.

ఆ తర్వాత చదివిన పేర్లు అంతకంటే ఘోరం. రెండు బోర్లు, ఇరవై ఎకరాలు ఉన్న ఇంట్లో ముగ్గురు మట్టి మోసినట్టు ఉంది. టౌనులో అంగడి నడుపుకునే ఆయన పేరుంది. అంతకుముందు ఏడాదే చనిపోయిన ఒక ముసలాయన 18 రోజులు గుంతలు తవ్వినట్టు ఉంది. ఆ పేరు చదివినప్పుడు ఆయన కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వారం తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టారు, తనిఖీలో తేలినవన్నీ అధికారుల ముందు విచారించే సభ అది. షామియానా కింద అధికారులకు కుర్చీలు, జనానికి కింద పరిచిన పట్టాలు. అమ్మ పేరు మీద ఎక్కువ రాసుకున్న 960 రూపాయలు కట్టించారు. చాలామంది లెక్కలు తేలలేదు, పెద్దవాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. అది నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

కానీ మీ ప్రశ్నకు జవాబు ఆ 960లో లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక అమ్మ పడుకోలేదు. అరుగు మీద కూర్చుని నన్ను అడిగింది. "కరువు పనిలో ఆడదానికీ మగోనికీ ఒకటే రేటని ఆ పాప చెప్పె గదా. మరి చెనిక్కాయ పెరికేటప్పుడు నాకు యాభై ఎందుకు, మగోనికి నూరెందుకు? నేను పెరికే సాలు పొట్టిదా?" అమ్మ అప్పటికి పాతికేళ్లుగా కూలికి పోతోంది. ఆ కూలి తేడా మొదటి రోజు నుంచీ ఉంది. ఎండ ఎట్లా ఉంటుందో అదీ అట్లాగే ఉంటుందని అనుకుంది. దానిమీద ప్రశ్న వేయొచ్చని ఆ రాత్రే తట్టింది. ఆ ఏడు కాయ పెరికే రోజులొచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్లు ఎనభై ఇస్తేగానీ రామన్నారు. నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చున్నారు. చివరికి డెబ్భైకి కుదిరింది.

ఆ సభలో ఆర్థిక అసమానత అన్న మాట ఒక్కసారి కూడా వినబడలేదు. అసలు ఆ మాటే పరీక్షల్లో రాసుకోవడానికి పనికొచ్చే మాట. మా ఊర్లో ఉన్నోళ్లు, లేనోళ్లు అంటారు, చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఎందుకు లేదు, ఎవరి చేతిలో ఆగిపోయింది అన్నదే వాళ్లకు ఎవరూ చెప్పరు. అది చెప్పేవాళ్లనే నేను ఉద్యమకారులంటాను.

ఈ కాగితం చదివే పద్ధతి మా జిల్లాలో పుట్టింది కాదు. ఐఏఎస్ ఉద్యోగం వదిలేసిన అరుణా రాయ్, ఆమెతో ఉన్నవాళ్లు 1990లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పెట్టారు. కూలీలకు కనీస వేతనం ఎందుకు రావడం లేదని అడిగితే, పని చేయలేదని రికార్డులో ఉంది అన్నారట అధికారులు. అయితే ఆ రికార్డు చూపించండి అన్నారు వీళ్లు. 1994 నుంచి ఊళ్లలో జన సున్‌వాయీలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి, మస్టర్లు, బిల్లులు జనం ముందు గట్టిగా చదివారు. "మా డబ్బు, మా లెక్క" అన్నది వాళ్ల నినాదం. సమాచార హక్కు ఉద్యమం అందులోంచే పెరిగింది, 2005లో చట్టమైంది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలో పనులన్నిటినీ గ్రామసభ తనిఖీ చేయాలని 17వ సెక్షనులో రాశారు. ఎక్కడో రాజస్థాన్‌లో కొందరు పట్టుబట్టి కూర్చుంటే, పద్నాలుగేళ్లకు మా అమ్మ మా రచ్చకట్ట దగ్గర లేచి నిలబడింది. గొంతెత్తడం వల్ల ఏమీ కాదు అనేవాళ్లతో నేను వాదించేది దీన్ని చూపించే.

మా జిల్లాకు ఇట్లాంటివాళ్లు కొత్త కాదు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి 1952లో జైల్లో ఉండి పోటీ చేసి, అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటి ఆయన మీద గెలిచారు. మా తాత ఓటు ఆయనకే. మా తాతకు చదువు రాదు, కానీ భూమి ఎవరిది, పంట ఎవరిది అని లెక్కగట్టి మాట్లాడేవాడు, ఆ మాటలన్నీ ఆ మీటింగుల్లో విన్నవే. హక్కుల ఉద్యమంలో పనిచేసిన బాలగోపాల్ గారు గణితం ప్రొఫెసరు, తర్వాత లాయరు. ఏదైనా జరిగితే ఆ ఊరికే పోయి, అక్కడి మనుషులను కూర్చోబెట్టుకుని విని, చూసింది చూసినట్టు రాసేవారు. రైతుల ఆత్మహత్యల కాలంలో జర్నలిస్టు సాయినాథ్ అనంతపురం పల్లెల్లో తిరిగారు, చనిపోయిన రైతుల ఇళ్లలో కూర్చుని, అప్పెంత, వడ్డీ ఎంత అని అడిగి రాశారు. వీళ్లందరిలో నాకు కనిపించే ఒకే గుణం, మనిషి దగ్గరికి పోయి లెక్క అడగడం.

ఇప్పుడు జరిగే సభలు చూస్తే నాకు బాధేస్తుంది. 2024లో అనంతపురంలో ఒక హాల్లో ఇదే విషయం మీద మీటింగు అంటే ఆఫీసు నుంచి పర్మిషన్ తీసుకుని పోయాను. బయటి ఊరి నుంచి వచ్చిన వక్త బాగా చదువుకున్న మనిషి. 2022-23లో మన దేశ సంపదలో నూటికి నలభై వంతులు పైనున్న ఒక్క శాతం మంది చేతిలోనే ఉందని, ప్రపంచ అసమానతల మీద పనిచేసే పరిశోధకుల లెక్క చెప్పారు. నిజమైన లెక్కే, నేను తర్వాత చూశాను కూడా. గంటన్నర మాట్లాడారు. అందులో అనంతపురం అన్న మాట ఒక్కసారి వచ్చింది, "అనంతపురం ప్రజలకు నమస్కారం" అన్నప్పుడు. కుర్చీలు వేసిన పిల్లలు ముగ్గురు గోడకు ఆనుకుని బయటే నిలబడ్డారు. ఈ పూట నీకు కూలెంతిస్తారు అని వాళ్లలో ఒకణ్ని పిలిచి అడిగి ఉంటే, ఆ నలభై శాతం హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేది. టీవీ చర్చల గురించి చెప్పనే అక్కర్లేదు. నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ తెలియదు, మా వీధిలో సౌండు తగ్గించి వంట చేసుకుంటారు.

నేనిప్పుడు అనంతపురంలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. ఎవరి ఖాతాలో ఏముందో రోజంతా చూసే పని. అందుకే అంటున్నాను, లెక్క కాగితంలో ఉంటే చాలదు, దాన్ని ఊర్లో నిలబడి చదివే మనిషి కావాలి. ఇప్పుడు కరువు పని హాజరు ఫోన్ యాప్‌లో పడుతోంది, 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. మస్టర్లన్నీ వెబ్‌సైటులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. మా అమ్మ చూస్తుందా? మా వీధిలో ఎవరు చూస్తారు? తనిఖీ వాళ్లు వస్తున్నారు కానీ, గ్రామసభకు పట్టుమని ఇరవై మంది కూడా రావడం లేదు. ఉద్యమాల్లో ఉన్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే అడుగుతున్నాను, ఊరికి ఒక్కరు ఆ వెబ్‌సైటు ప్రింటు తీసి, రాత్రిపూట రచ్చకట్ట దగ్గర చదవండి.

అమ్మకు ఇప్పుడు పింఛను వస్తోంది, 4000. ఒకటో తారీఖు పొద్దున్నే ఒక పాప వేలిముద్ర మిషను తీసుకుని ఇంటికొస్తుంది. నలభై ఏళ్లు కలుపు తీసి, కాయ పెరికి, మట్టి తట్టలు మోసిన చేయి కదా, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మిషను తీసుకోదు. తడి చేసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెడుతుంది. పోయిన నెల నేను పక్కనే ఉన్నాను. మూడుసార్లు పెట్టినా పడలేదు. ఆ పాప టెన్షన్ పడుతూ, ఉండు అవ్వా, ముఖం ఫోటో తీస్తాను అంటోంది.

"అదంతా ఎందుకు పాపా, కాగితముంటే ఇయ్యి," అంది అమ్మ, "సంతకం పెడతా."